వేసవిలో కొండయాత్ర — రాయకోట దుర్గమునకు ఒక దినపు ప్రయాణము

మన హోసూరు, కృష్ణగిరి సీమలో ఏ దిక్కున చూచినను కొండలే కన్పట్టును. వేసవి సెలవులు వచ్చినంతనే ఏదేని యొక కొండ శిఖరమెక్కి రావలెనని విద్యార్థులకు ముచ్చట కలుగుట సహజము. ఈ ముచ్చట మంచిదే. కాని వేసవిలో కొండ యెక్కుట శీతకాలములో నెక్కుట వంటిది కాదు. శీతకాలములో కాళ్ళ బలమున్న చాలును. వేసవిలో కాలమును కూడ లెక్కించుకొనవలెను. ఎండ ముదురక పూర్వమే క్రిందికి దిగివచ్చునట్లు యాత్రను ఏర్పరచుకొనుటయే ఇందలి ముఖ్య రహస్యము.

ఉదాహరణమునకు రాయకోట దుర్గమును తీసికొందము. ఇది హోసూరునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది, కృష్ణగిరికిని సమీపమే. మూడవ మైసూరు యుద్ధమున 1791లో ఆంగ్లేయ సైన్యము టిప్పు సుల్తాను వారినుండి ఈ కోటను పట్టుకొనెను. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహల్ సీమ కంపెనీవారి వశమయ్యెను. పిమ్మట ఈ సీమలో కలెక్టరు రీడ్ దొరకు సహాయకుడుగా పనిచేసినవారిలో తామస్ మన్రో ఒకడు. ఆయనయే తరువాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాచే మరణించెను. నేడు రాయకోట దుర్గము కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో నున్నది.

ఇక ఎండ సంగతి. మనము మెట్లెక్కునపుడు కండరములు ఖర్చుచేయు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనికి వచ్చును. తక్కినది వేడిగా మారును. ఆ వేడిని చెమట ఆరుట ద్వారా శరీరము వెలికి పంపును. నీరు చాలనిచో చెమట తగ్గును; వేడి లోపలనే నిలుచును. దీనికి తోడు మన కొండలు చాలవరకు నగ్నమైన రాతిబండలు. ఉదయమునుండి ఎండను త్రాగిన బండ, మధ్యాహ్నమునకు పైనుండి సూర్యుడు, క్రిందనుండి పెనము అన్నట్లగును. హోసూరు పీఠభూమిపై నుండుటచే అచ్చటి వేకువ చల్లగా నుండును. ఆ చల్లదనమును నమ్మి ఆలస్యముగా బయలుదేరరాదు.

ఎంత కాలము పట్టునో ముందుగా తెలియుటెట్లు? స్కాట్లండు దేశస్థుడగు నెయిస్మిత్ 1892లో ఒక సులభ సూత్రము చెప్పెను. నడచు ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట. ఎక్కు ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట. భూగోళ పాఠములో చదివిన సమోన్నత రేఖలు ఇచ్చట ఉపయోగించును. పటములో కొండ అడుగు రేఖను, శిఖర రేఖను చూచి, ఎత్తు ఎంతయో లెక్కకట్టవచ్చును. ఒక కొండకు దారి 3 కిలోమీటర్లు, ఎత్తు 300 మీటర్లు అనుకొందము. సూత్రము ప్రకారము 36 నిమిషములు, 30 నిమిషములు, వెరసి 66 నిమిషములు. కాని అది అలవాటుపడిన పెద్దల నడక. పిల్లల గుంపునకు, వేసవికి దానిని రెట్టింపు చేయుట మేలు. అనగా రెండుంబావు గంటలు.

మే నెలలో మన సీమలో సూర్యోదయము 6 గంటలకు కొంచెము ముందుగానే యగును. 6 గంటలకు ఎక్కనారంభించినచో 8.15కు శిఖరము, అరగంట విశ్రాంతి, 10.30 లోపల మరల కొండ అడుగు. ఇందుకు హోసూరునుండి 5 గంటలకే బయలుదేరవలెను. బస్సు వేళలను ముందురోజే కనుగొనవలెను. ఎండ ఎక్కిన తరువాత గాని బస్సు చేరదన్నచో, యాత్రను మార్గశిర మాసమునకు వాయిదా వేయుట తెలివి. మధ్యాహ్నము దాటిన పిదప మామిడి జల్లులతో పిడుగులును పడును. శిఖరముపై గాని, ఒంటరి చెట్టు క్రింద గాని అప్పుడు నిలువరాదు.

మనిషికి రెండు లీటర్ల నీరు తప్పక ఉండవలెను. సగము నీరు అయిపోయినను శిఖరము చేరనిచో వెనుదిరుగవలెను. వేకువ రాగి అంబలి గాని, మజ్జిగతో చద్దన్నము గాని తిని బయలుదేరుట మంచిది. మూటలో పులిహోర, ఉప్పు కలిపిన నిమ్మరసము, నెత్తికి తువాలు ఉండవలెను. దొనలలో నిలిచిన నీరు త్రాగరాదు. బండల సందులలో చేయి పెట్టరాదు. తేనెపట్టులున్నచోట పొగ పెట్టరాదు. కోట గోడలపై పేర్లు చెక్కుట 1958 నాటి చట్టము ప్రకారము నేరము.

తల్లిదండ్రులకు ఒక మాట. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలైన ఉండవలెను. ఒకరు ముందు, ఒకరు వెనుక. ఆగినచోటనెల్ల పిల్లలను లెక్కించవలెను. తలనొప్పి, కళ్ళు తిరుగుట, వాంతి కలిగినచో నీడకు చేర్చి, కొంచెము కొంచెముగా నీరు పట్టవలెను. మాట తడబడినచో, ఒడలు కాలుచున్నచో అది వడదెబ్బ. అప్పుడు దుస్తులు వదులుచేసి, ఒంటిపై నీరు పోసి, విసరుచు, వెంటనే 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

సగము దారిలో మరలివచ్చుట అవమానము కాదు. 1791 నవంబరులో కృష్ణగిరి దుర్గముపై పడిన మాక్స్‌వెల్ దొర సేన క్రింది కోటను పట్టుకొనియు, పై కోటను పట్టలేక వెనుదిరిగెను. సేనలకే తప్పనిది మనకు తప్పునా? కొండ ఎచ్చటికిని పోదు. చల్లని కాలమున మరల రావచ్చును.

విద్యార్థులారా! మూటలో ఒక చిన్న పుస్తకము కూడ పెట్టుకొనుడు. దారిలో కనిపించు పెద్దలను అడిగి బండ, గుండు, దొన, చరియ మొదలగు మాటలను, చెట్లపేళ్ళను వ్రాసికొనుడు. తమిళ, కన్నడ మిత్రులు వానినేమందురో ప్రక్కన చేర్చుడు. మన తాతలు ఈ కొండలను ఏ మాటలతో పిలిచిరో ఆ మాటలు ఇంటనో, కొండ దారినో వినిననే నిలుచును. క్షేమముగా వెళ్ళి, క్షేమముగా దిగివచ్చి, ఆ మాటలను తరగతిలో చదివి వినిపింపుడు.