సెకండ్‌హ్యాండ్ ఫోర్ బై ఫోర్: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు?

కొండదారుల్లోను, బురదబాటల్లోను నడిచే ఎస్‌యూవీ ఒకటి ఇంట్లో ఉండాలన్న కోరిక నేడు అనేక కుటుంబాలలో వినిపిస్తున్నది. కొత్త బండి ధర అందరికీ అందుబాటులో ఉండదు గనుక చాలామంది చూపు సెకండ్‌హ్యాండ్ బండ్ల వైపు మళ్ళుతుంది. వడ్డీతో కూడిన అప్పుకు దూరంగా ఉండదలచిన కుటుంబానికి చేతిలో ఉన్న రొక్కమే హద్దు. ఆ హద్దు లోపల తప్పు ఎంపిక చేస్తే దానిని సరిదిద్దుకోవడానికి మళ్ళీ కొన్నేళ్ళు కూడబెట్టవలసి వస్తుంది.

ఈ కొనుగోలులో అసలు చిక్కు వేరియంట్ల దగ్గర మొదలవుతుంది. ఒకే పేరుతో, ఒకే రూపంతో తిరిగే బండ్లలో ఒకదానికి నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, మరొకదానికి వెనుక చక్రాలకే అందుతుంది. అమ్మేవారు "టాప్ మోడల్" అన్న ఒక్క మాటతో ధర పెంచుతారు. ఆ మాట పెద్ద తెరను, మెరిసే చక్రాలను సూచించవచ్చు. బండి బురదలోంచి బయటపడుతుందా, ప్రమాదంలో పిల్లలను కాపాడుతుందా అన్న ప్రశ్నలకు మాత్రం అది సమాధానం కాదు. కాబట్టి కొనేవారు ఒక సూత్రాన్ని మనసులో ఉంచుకోవాలి: తరువాత చేర్చుకోలేని దానికే వేరియంట్ రూపంలో డబ్బు చెల్లించాలి, తరువాత బజారులో కొనుక్కోగలిగిన దానికి చెల్లించకూడదు.

మొదట అవసరాన్ని తేల్చుకోవాలి

పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాలలో ఉద్యోగం చేసేవారికి, వర్షాకాలంలో నల్లరేగడి నేలల మీదుగా పొలానికి వెళ్ళేవారికి ఫోర్ బై ఫోర్ నిజమైన అవసరం. ఏడాదికి ఒకసారి విహారయాత్రకు వెళ్ళి, మిగతా రోజులన్నీ పట్టణంలో పిల్లలను బడికి దింపేవారికి అది అవసరం కాదు. నాలుగు చక్రాలకు శక్తినిచ్చే యంత్రాంగం బరువు పెంచుతుంది, ఇంధనాన్ని ఎక్కువగా తాగుతుంది, మరమ్మతుల ఖర్చును పెంచుతుంది. ఎత్తుగా ఉండే మామూలు రెండు చక్రాల బండి మంచి టైర్లతో చాలా మట్టిరోడ్లను దాటగలదు.

ఇంట్లో ఎవరెవరు ఎక్కుతారన్నది రెండవ ప్రశ్న. మూడు తలుపుల థార్‌లో వెనుక సీటుకు చేరాలంటే ముందు సీటును మడిచి, ఎత్తుగా అడుగువేసి లోపలికి వంగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు, బురఖా లేదా చీర ధరించిన స్త్రీలకు, చంకలో బిడ్డ ఉన్న తల్లికి ఇది ప్రతిరోజూ ఇబ్బందే. థార్ నలుగురి బండి; ఐదు తలుపులున్న జిమ్నీ కూడా నలుగురిదే. ఆరుగురున్న ఇంటికి స్కార్పియో-ఎన్ వంటి మూడు వరుసల బండి తగినది. దానిలో ఫోర్ బై ఫోర్ డీజిల్ ఇంజను గల బండ్లకే, అదీ కొన్ని వేరియంట్లకే లభించింది. అందువల్ల బేరానికి వెళ్ళేముందు భార్యను, తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్ళి, వెనుక సీటులో కూర్చోబెట్టి వారి అభిప్రాయం అడగడం మేలు.

థార్: ఒకే పేరు, వేర్వేరు బండ్లు

సెకండ్‌హ్యాండ్ విపణిలో విరివిగా కనిపించే బండి మహీంద్రా థార్. దానిని ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది.

2010లో వచ్చిన మొదటి తరం థార్‌లో సీఆర్‌డీఈ ఇంజను గల ఫోర్ బై ఫోర్ బండి మట్టిలో గట్టిది. అయితే దానికి ఎయిర్‌బ్యాగులు లేవు. వెనుక సీట్లు పక్కకు తిరిగిన బెంచీలు. పిల్లలను అలా కూర్చోబెట్టి హైవేపై ప్రయాణించడం ఏ విధంగానూ క్షేమం కాదు. పొలం పనికి, ఒకరిద్దరి ప్రయాణానికి అది సరిపోవచ్చు. కుటుంబ వాహనంగా దానిని ఎంచుకోకూడదు.

రెండవ తరం థార్ 2020 అక్టోబరు 2న విడుదలైంది. తొలుత ఏఎక్స్, ఏఎక్స్ ఆప్షనల్, ఎల్ఎక్స్ అనే వేరియంట్లు వచ్చాయి. ప్రారంభపు ఏఎక్స్‌లో పక్కకు తిరిగిన వెనుక సీట్లతో ఆరుగురు కూర్చునే బండి ఉండేది. కంపెనీ దానిని స్వల్పకాలంలోనే ఆపివేసింది. అటువంటి బండి తక్కువ ధరకు దొరికినా పిల్లలున్న ఇంటికి తగదు. ముందుకు తిరిగిన సీట్లున్న థార్‌కు 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు 4, పిల్లల రక్షణకు 4 నక్షత్రాలు లభించాయి. సీట్ల అమరికను, సీటుబెల్టులను తరువాత మార్చుకోవడం సాధ్యం కాదు. అందువల్ల వేరియంట్ కోసం అదనంగా చెల్లించవలసిన మొదటి అంశం ఇదే.

రెండవ అంశం చక్రాలకు శక్తి అందే విధానం. 2023 జనవరిలో వెనుక చక్రాలకే శక్తినిచ్చే థార్ వచ్చింది. దాని డీజిల్ ఇంజను 1.5 లీటర్లది, ఫోర్ బై ఫోర్ డీజిల్‌ది 2.2 లీటర్లు. బయటి రూపంలో రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. బండి లోపల గేర్ లివర్ పక్కన రెండవ లివర్ ఉంటేనే అది ఫోర్ బై ఫోర్. ఆర్‌సీలో ఇంజను సామర్థ్యం చూసినా కొంత తెలుస్తుంది. వెనుక చక్రాల బండిని తరువాత ఫోర్ బై ఫోర్‌గా మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఐదు తలుపుల థార్ రాక్స్‌లోనూ ఇదే జాగ్రత్త అవసరం: ఫోర్ బై ఫోర్ డీజిల్‌లోనే ఉంది, ఎంఎక్స్1, ఎంఎక్స్3 వేరియంట్లకు అది లేదు.

మూడవ అంశం డిఫరెన్షియల్ లాక్. మామూలు ఇరుసులో ఒక చక్రం బురదలో జారిపోతే శక్తి అంతా ఆ తిరిగే చక్రానికే పోతుంది. గట్టి నేల మీద ఉన్న రెండవ చక్రం కదలదు. లాక్ పడినప్పుడు రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, బండి బయటపడుతుంది. తొలి సంవత్సరాల ఎల్ఎక్స్ బండ్లలో వెనుక ఇరుసుకు మెకానికల్ లాక్ ఉండేది. కొన్ని ఇతర వేరియంట్లలో దానికి బదులు జారే చక్రానికి బ్రేకు వేసి పనిచేసే ఏర్పాటు ఉంది. తేలికపాటి బురదకు ఈ రెండవది చాలు. లోతైన బురదలో, రాళ్ళవాగులో మొదటిది మేలు. మీరు చూస్తున్న బండిలో ఏది ఉన్నదో ఛాసిస్ నంబరు ఆధారంగా సర్వీసు కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

ఈ మూడూ సరిపోయాక ఏఎక్స్ ఆప్షనల్‌కు, ఎల్ఎక్స్‌కు మధ్య మిగిలే ముఖ్యమైన తేడాలు టచ్‌స్క్రీన్, 18 అంగుళాల అల్లాయ్ చక్రాలు, లోపలి అలంకరణ వంటివి. ఏఎక్స్ ఆప్షనల్‌కు 16 అంగుళాల ఉక్కు చక్రాలు వస్తాయి. రాళ్ళబాటలో ఉక్కు చక్రం వంగితే సుత్తితో సరిచేయవచ్చు. అల్లాయ్ చక్రం పగిలితే మార్చవలసిందే. పైగా చిన్న చక్రం మీద టైరు అంచు ఎత్తుగా ఉండి గతుకులను బాగా తట్టుకుంటుంది. మట్టిదారుల్లో తిరిగేవారికి చవకైన వేరియంటే ఇక్కడ అనుకూలం.

మారుతి జిమ్నీ విషయంలో నిర్ణయం మరింత సులభం. 2023 జూన్‌లో వచ్చిన ఈ బండికి జీటా, ఆల్ఫా అని రెండు వేరియంట్లు. రెండింటికీ ఒకే ఫోర్ బై ఫోర్ యంత్రాంగం, ఒకే 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. ఆల్ఫాలో అదనంగా వచ్చేవి పెద్ద తెర, అల్లాయ్ చక్రాలు, ఎల్ఈడీ దీపాలు, క్రూయిజ్ కంట్రోల్ వంటి సౌకర్యాలు. జీటాను ఎంచుకొని మిగిలిన డబ్బును మంచి టైర్లకు ఖర్చుచేసిన కుటుంబం నష్టపోయేదేమీ లేదు.

మార్పులు చేర్పులు: ఏవి పనికివస్తాయి?

మొట్టమొదట ఖర్చు చేయవలసినది టైర్ల మీద. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు తయారీ తేదీని తెలుపుతాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారం. గాడులు బాగున్నా ఆరేళ్ళు దాటిన టైరును లెక్కలో మార్చవలసినదిగానే తీసుకొని ధర తగ్గించమని అడగాలి. తారురోడ్డు, మట్టిరోడ్డు రెండింటిలో తిరిగే కుటుంబానికి ఆల్ టెరైన్ టైర్లు చాలు. మడ్ టెరైన్ టైర్లు హైవేపై గోలచేస్తాయి, తడి రోడ్డుపై పట్టు తగ్గుతుంది. కంపెనీ చెప్పిన కొలతకంటే పెద్ద టైర్లు వేస్తే మీటరు అసలు వేగంకంటే తక్కువ చూపుతుంది, బండి లాగే శక్తి, మైలేజీ తగ్గుతాయి.

తరువాత కొనవలసినవి చవకైనవే: లాగడానికి తగిన గట్టి పట్టీ, రెండు షాకిళ్ళు, గాలి పీడనం కొలిచే సాధనం, బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్. ఇసుకలో, మెత్తని బురదలో టైర్ల గాలి కొంత తగ్గిస్తే నేలపై ఆనే భాగం పెరిగి బండి తేలికగా కదులుతుంది. రోడ్డెక్కగానే మళ్ళీ గాలి నింపాలి. వేలల్లో పూర్తయ్యే ఈ ఖర్చు లక్షల విలువైన అలంకరణకంటే ఎక్కువసార్లు ఆదుకుంటుంది.

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు, పైకి నిలబడే స్నార్కెల్, బరువైన ఇనుప బంపరు కుటుంబ వాహనానికి అక్కరలేదు. ఎత్తు పెరిగితే మలుపులలో బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది. స్నార్కెల్ ఇంజను పీల్చే గాలిని మాత్రమే పైకి తెస్తుంది. విద్యుత్ పరికరాలను నీటినుండి కాపాడదు. కంపెనీ చెప్పిన ప్రకారం థార్ దాటగల నీటి లోతు 650 మిల్లీమీటర్లు. ఆ గీతను స్నార్కెల్ మార్చదు. ఇనుప బంపరు ప్రమాదపు దెబ్బను మింగవలసిన భాగాన్ని పనిచేయనివ్వదు, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే తీరును దెబ్బతీయవచ్చు.

చట్టం కూడా దీనితో ముడిపడి ఉంది. కంపెనీ నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనుమతి లేని ప్రతి మార్పుకు మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బుల్ బార్లను తొలగింపజేయాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు సూచించింది. కిటికీలకు నల్లని ఫిల్ము అతికించడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. కాబట్టి "రెండు లక్షల సామాను బిగించాను" అని అమ్మేవారు చెబితే దానికి ధర కట్టకండి. దానిని తొలగించడానికి మీకయ్యే ఖర్చును లెక్కగట్టండి. అటువంటి మార్పుల వలన బీమా సొమ్ము రాకుండాపోయే ప్రమాదం కూడా ఉంది.

అడుగుభాగం చెప్పే సంగతులు

పైన మెరిసే రంగును చూసి మోసపోకూడదు. బండిని లిఫ్టుపై ఎక్కించి అడుగుభాగాన్ని నమ్మకమైన మెకానిక్‌తో చూపించాలి. ఛాసిస్‌పై వంపులు, కొత్తగా వేసిన వెల్డింగు, గేరు పెట్టె కింద రాయి తగిలిన గుంతలు ఉంటే ఆ బండిని కఠినంగా వాడారని అర్థం. గేరు పెట్టె లేదా ఇరుసు నూనె పాలరంగులో ఉంటే లోపలికి నీరు చేరింది. సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తే మునిగిన బండిలో బురద మరక బయటపడుతుంది. కార్పెట్ ఎత్తి తుప్పు ఉందేమో చూడాలి.

ఫోర్ బై ఫోర్‌ను మట్టినేలపైనే పరీక్షించాలి. ఈ బండ్లలో ముందు, వెనుక ఇరుసులు కలిసిపోయి తిరుగుతాయి గనుక గట్టి తారుపై మలుపు తిప్పితే యంత్రాంగంపై ఒత్తిడి పడుతుంది. హై, లో రెండింటిలోనూ లివర్ తేలికగా పడుతున్నదా, దీపం వెలుగుతున్నదా, పెద్ద శబ్దం వస్తున్నదా గమనించాలి. ఏళ్ళ తరబడి వాడని యంత్రాంగం బిగుసుకుపోయి ఉండవచ్చు.

పత్రాల విషయంలో ఏమరుపాటు వద్దు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై ఢిల్లీ ప్రాంతంలో వచ్చిన ఆంక్షల వలన అక్కడి వాహనాలు చవకగా దక్షిణాదికి వస్తుంటాయి. వాటికి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ జీవితకాల పన్ను చెల్లించాలి. ఆ మొత్తం కలిపితే చవకతనం మిగలకపోవచ్చు. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 అవసరం. పాత యజమాని బ్యాంకు అప్పు తీర్చివేశాడని తెలిపే ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకూడదు. కొన్న 14 రోజులలోపు బీమాను మీ పేరుకు మార్చమని కోరాలి.

డబ్బును ఇలా పంచుకోండి

చేతిలోని రొక్కంలో సుమారు ఎనిమిదవ వంతు ముందుగానే పక్కన పెట్టండి. టైర్లు, నూనెలు, బ్రేకులు, బ్యాటరీ, పత్రాల ఖర్చు దానిలోంచి వెళ్ళాలి. మిగిలిన మొత్తానికి దొరికే బండ్లలో మొదట సీట్ల అమరిక, ఎయిర్‌బ్యాగులు. తరువాత ఫోర్ బై ఫోర్. ఆ తరువాత డిఫరెన్షియల్ లాక్ చూడండి. తెర, సంగీతం, అల్లాయ్ చక్రాలు చివరివి. రంగు నచ్చలేదన్న కారణంతో మంచి బండిని వదులుకోకండి. రంగు నచ్చిందన్న కారణంతో పక్క సీట్ల బండిని ఇంటికి తేకండి.

మీరు కూడా ఏదో ఒకనాడు ఆ బండిని అమ్ముతారు. వస్తువులోని లోపాన్ని దాచి అమ్మడాన్ని ఇస్లాం అనుమతించదన్న సంగతి అప్పుడు గుర్తుంచుకోవాలి. కొన్ననాటి నుండి ప్రతి సర్వీసు బిల్లును, మార్చిన ప్రతి భాగపు రసీదును ఒక ఫైలులో భద్రపరచండి. వాగులో మునిగిన రోజును, గేరు పెట్టె విప్పిన రోజును కూడా అందులో రాసిపెట్టండి. కొనేవాని చేతికి తాళాలతోపాటు ఆ ఫైలును కూడా అందించండి.