సముద్రపు వేడిమి – కడెం వరద

నిర్మల్ సీమకు సముద్రము వందల మైళ్ళ దూరమున నున్నను, దాని వేడిమి వర్షరూపమున ఇచ్చటి చెరువులను, వాగులను ఏటేట పలుకరించుచునే యుండును. 2022 జూలై మధ్యమున, కుంటాలయొద్ద జలపాతమై దుమికి వచ్చు కడెం వాగు, సుమారు 3 లక్షల క్యూసెక్కులు మాత్రమే విడువగల ఆనకట్టమీదికి 5 లక్షలకు పైబడిన ప్రవాహమును తెచ్చిపడవేయగా, 18 గేట్లలో ఒకటి లేవక మొరాయింపగా, దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి తరలవలసివచ్చెను.

సముద్రజలము 26.5 డిగ్రీలకు మించి, కొన్ని పదుల మీటర్ల లోతువరకు వేడెక్కినపుడు, పైకి లేచిన ఆవిరి మేఘముగా మారుచు తనలోని వేడిమిని విడుచును. ఆ వేడిమియే గాలిని మరింత పైకి లాగి, అల్పపీడనమును వాయుగుండముగను, వాయుగుండమును తుపానుగను పెంచును. అయితే పైగాలియు క్రిందిగాలియు భిన్నవేగములతో వీచినచో, ఎదుగుచున్న సుడి ఒరిగి చెదరిపోవును.

ఈ గాలుల పొందికను దూరమునుండియే మార్చగల శక్తి పసిఫిక్ మహాసముద్రమునకు గలదు. రెండు మొదలు ఏడేండ్ల కొకమారు భూమధ్యరేఖ చెంత దాని మధ్య, తూర్పు భాగములు వేడెక్కుట ఎల్ నినో. చల్లబడుట లా నినా. ఎల్ నినో వేళ అట్లాంటిక్ తుపానులు సాధారణముగా తగ్గును. లా నినా వేళ, వానకాలము వెడలిన పిదప, బంగాళాఖాతమున తీవ్రమైన తుపానులకు అనుకూలత హెచ్చును. 1999లో ఒడిశాను ధ్వంసించిన మహాతుపానును, 2020 అక్టోబరులో కాకినాడ చెంత తీరము దాటి హైదరాబాదును ముంచిన వాయుగుండమును లా నినా కాలమునందు పుట్టినవే.

అట్లని ఎల్ నినో యేడు నిర్భయమని తలంపరాదు. దివిసీమను ఉప్పెన కబళించిన 1977 నవంబరు 19వ తేదీయు, బాపట్ల చెంత మిచాంగ్ తుపాను తీరము దాటిన 2023 డిసెంబరును ఎల్ నినో కాలములే. జూలై అల్పపీడనములు తుపానులు కాకున్నను, వానిదియు ఇదే నీతి: 2022 వరద లా నినా నాటిది, మరుసటి జూలైలో, ఎల్ నినో తలయెత్తుచుండగానే, కడెం నీరు మరల గేట్లమీదుగా పొర్లెను.

పసిఫిక్ వార్త తుపానుల అవకాశము హెచ్చునో తగ్గునో సూచింపగలదు గాని, ఏ వాగు ఏ రాత్రి పొంగునో చెప్పజాలదు. మృగశిర కార్తె ప్రవేశింపకమున్నే గేట్లను ఎత్తి దించి సరిచూచుట, ఏ యేటికైనను తప్పనిసరి విధి.