తారాపూర్ అణు విద్యుత్కేంద్రము

తారాపూర్ అణు విద్యుత్కేంద్రము మహారాష్ట్రలో, ముంబై నగరానికి ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో అరేబియా సముద్రతీరాన ఉన్నది. ఇది భారతదేశపు మొట్టమొదటి అణు విద్యుత్కేంద్రము. పూర్వము ఠాణే జిల్లాలో ఉండిన ఈ ప్రాంతము 2014లో ఏర్పడిన పాల్ఘర్ జిల్లాలో చేరినది. ఆసియాలోనే మొదటిదని కొన్నిచోట్ల వ్రాస్తుంటారు గాని, జపానులోని తోకాయ్ కేంద్రము 1966లోనే పనిచేయనారంభించినందున అది సరికాదు.

నిర్మాణము, పనిచేయు విధానము

1963లో భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందము ఈ కేంద్రానికి పునాది. కేంద్రాన్ని పూర్తిగా కట్టి అప్పగించే బాధ్యతను 1964లో అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ స్వీకరించినది. 1969 అక్టోబరులో రెండు యూనిట్లు వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించినవి.

ఇవి మరుగునీటి రియాక్టర్లు. అనగా నీరు రియాక్టరు లోపలనే మరిగి, ఆ ఆవిరియే టర్బైనును త్రిప్పును. తారాపూర్‌లో దీనికి తోడు, రియాక్టరు నుండి వచ్చు వేడినీటితో వేరుగా ఆవిరి పుట్టించు పరికరములు కూడ ఉండేవి. వీటి గొట్టాలు తరచు కారుచుండుటచే 1980 దశకంలో వాటిని వాడుకనుండి తొలగించిరి. అందువలన ఒక్కొక్క యూనిటు సామర్థ్యము 210 మెగావాట్ల నుండి 160కి తగ్గించబడినది.

ఇంధన సమస్య

యంత్రాలకంటె ఇంధనము కొరకే ఎక్కువ చిక్కులు పడిన కేంద్రమిది. సహజ యురేనియంలో విచ్ఛిత్తికి పనికివచ్చే యురేనియం-235 పాలు 0.7 శాతమే. ఈ రియాక్టర్లకు ఆ పాలును కొంత పెంచిన శుద్ధ యురేనియం కావలెను. 30 సంవత్సరాల పాటు అమెరికా దీనిని ఇచ్చుటకు, భారతదేశము వేరొకరి ఇంధనము వాడకుండుటకు 1963లో ఒప్పుకొనిరి. ఈ రెండవ షరతే తరువాత మెడకు చుట్టుకున్నది.

1974లో పోఖ్రాన్ అణుపరీక్ష జరిగినది. 1978లో అమెరికా చేసిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక చట్టము, తన అణుకేంద్రాలన్నిటినీ అంతర్జాతీయ తనిఖీకి ఒప్పగించని దేశానికి ఇంధనము ఇవ్వరాదన్నది. భారతదేశము అందుకు అంగీకరించలేదు. 1980లో అధ్యక్షుడు కార్టర్ 38 టన్నుల సరఫరాకు అనుమతించగా ప్రతినిధుల సభ వ్యతిరేకించినది. సెనేటులో 48-46 ఓట్లతో అది గట్టెక్కినది. సముద్రతీరాన నడిచే రెండు రియాక్టర్ల భవిష్యత్తు వేరొక దేశపు శాసనసభలో రెండు ఓట్లపై ఆధారపడినదన్నమాట.

1982లో కుదిరిన ఏర్పాటు ప్రకారము అమెరికా స్థానంలో ఫ్రాన్సు ఇంధనము ఇచ్చినది. 1993లో మూల ఒప్పందపు గడువు ముగిసిన పిదప చైనా, తరువాత రష్యా సరఫరా చేసినవి. దిగుమతియైన పదార్థాన్ని బిళ్ళలుగా చేసి, కడ్డీలలో నింపి ఇంధనపు కట్టలుగా కూర్చునది హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు. వాడిన ఇంధనముపై హక్కు ఎవరిదన్న తగవు మాత్రము చాలకాలము సాగినది. అది తారాపూర్‌లోనే నీటితొట్లలో నిలువ ఉంచబడినది.

తరువాతి యూనిట్లు

3, 4 యూనిట్లు వేరు జాతివి. సహజ యురేనియము, భారజలములతో నడిచే 540 మెగావాట్ల స్వదేశీ రియాక్టర్లు. నాలుగవది 2005లోను, మూడవది 2006లోను ఉత్పత్తి ప్రారంభించినవి. వీటికై అక్కర్‌పట్టి, పోఫరణ్ గ్రామాల ప్రజలను తరలించగా, పునరావాసముపై వివాదము ఏండ్ల తరబడి నడిచినది.

పాత యూనిట్లను 2005 చివర ఆపి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కొన్ని భద్రతా వ్యవస్థలను వేరుచేసి, కొత్త డీజిల్ జనరేటర్లను అమర్చి 2006లో తిరిగి నడిపించిరి. 2011లో ప్రమాదానికి గురియైన ఫుకుషిమా రియాక్టర్లు కూడ మరుగునీటి జాతివే కావడంతో తారాపూర్ వయస్సు మరల చర్చకు వచ్చినది. 2020లో రెండు యూనిట్లు దీర్ఘకాలిక మరమ్మతులకై నిలిపివేయబడినవి. అప్పటికి అవి ప్రపంచంలో నడుస్తున్న అణు విద్యుత్ రియాక్టర్లలో మిక్కిలి పాతవాటి కోవకు చెందినవి.