రీలుకి పన్నెండే ఛాన్సులు

ఫోన్‌లో నలభై తీసి ఒకటి ఉంచుకుంటాం కదా. యాషికా మ్యాట్-124జీలో 120 రీలు వేస్తే వచ్చేవి పన్నెండే. డిలీట్ బటన్ లేదు, ఫోటో ఎట్లా వచ్చిందో చూపే స్క్రీనూ లేదు. 1970లో జపాన్‌లో తయారైన మోడల్ ఇది. అనంతపురంలో మా మామ స్టూడియో మూసేశాక బీరువాలో మూలుగుతుంటే అడిగి తెచ్చుకున్నా.

దీనికి రెండు కళ్లు. పైది మనం చూడటానికి, కిందిది ఫోటో తీయడానికి. పై లెన్స్ నుంచి వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా ఉన్న అద్దానికి తగిలి, పైనున్న గరుకు గాజు మీద బొమ్మగా పడుతుంది. అందుకే కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని తల వంచి చూడాలి. తమాషా ఏంటంటే, కుడి ఎడమలు తారుమారు. మనిషి కుడికి నడిస్తే గాజులో ఎడమకి పోతాడు.

అసలు పనంతా కింది లెన్స్‌దే. అపర్చర్ అంటే కంటిపాప లాంటి రంధ్రం. నంబర్ పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది (ఈ లాజిక్ మా టీమ్ కోడ్ రివ్యూలో అస్సలు పాసవదు). షట్టర్ అంటే వెలుగుకి టైమర్. ఒక సెకను నుంచి సెకనులో 500వ వంతు దాకా పెట్టుకోవచ్చు. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే ఫిల్మ్ ఒక ఫ్రేము జరుగుతుంది, షట్టర్ స్ప్రింగూ బిగుస్తుంది. బ్యాటరీ లైట్ మీటర్‌కే, మిగతాదంతా పళ్లచక్రాల పని.

మీటర్ లేకపోయినా మా ఊరి ఎండ చాలు. 100 స్పీడ్ ఫిల్మ్‌కి నిండు ఎండలో అపర్చర్ 16, షట్టర్ 125. ఇంకో లాభం: ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పొడి నేలలో లెన్స్‌కి బూజు పట్టడం తక్కువ. దుమ్ముతోనే తంటా.

మా తాతకున్న ఒక్క ఫోటో ఈ కెమెరాతో మామ తీసిందే. అవ్వ మాత్రం కెమెరా చూస్తే లేచి పోయేది, ఆధార్ కార్డులో తప్ప ఆమె బొమ్మ ఎక్కడా లేదు. మొన్న ఆమే అడిగింది, "నాదీ ఒకటి తీయి నాయనా, తాత పక్కన పెట్టుకోను" అని. వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి అపర్చర్ 4కి తెరిచా. "కదలొద్దవ్వా" అంటే ఊపిరి కూడా బిగబట్టేసింది. మూడు ఫ్రేములు ఆమెకే ఇచ్చా.

రీలు కడగడానికి బెంగళూరు పంపించా. రోజూ సాయంత్రం ఫోన్ వస్తోంది, "వచ్చిందా నాయనా?"