ఐదు గేర్లు పెడితే పాత బుల్లెట్ మారిపోతుందా?

పాత బుల్లెట్ 350 మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. గేరు పడిందనుకుని రేజ్ ఇస్తే బండి కదలదు, ఇంజిన్ ఒక్కటే అరుస్తుంది. వెంటనే పక్కనున్నవాళ్లు ‘ఐదు గేర్ల బాక్సు వేయించెయ్’ అంటారు. డబ్బు తీసేముందు లెక్క చూసుకోండి.

పాత నాలుగు గేర్ల బాక్సు మూలం ఇంగ్లండ్‌లోని ఆల్బియన్ కంపెనీ. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక కూడా దశాబ్దాల పాటు అదే కొనసాగింది. కుడికాలితో గేర్లు, న్యూట్రల్‌కు వేరే పెడల్. నిష్పత్తులు 2.78, 1.84, 1.36, 1.00. మొదటి గేరులో 3,000 ఆర్‌పీఎం మీద ఉండి రెండోది వేస్తే ఇంజిన్ సుమారు 1,985కి పడిపోతుంది. అంటే 34 శాతం తగ్గినట్టు.

తర్వాత వచ్చిన ఐదు గేర్ల బాక్సులో నిష్పత్తులు దాదాపు 3.06, 2.01, 1.52, 1.21, 1.00. మొదటి గేరులో లాగే బలం 10 శాతం ఎక్కువ. కానీ మొదటికీ రెండోదానికీ మధ్య పెద్ద ఖాళీ ఇక్కడా అదే 34 శాతం! ఆఖరి గేరు కూడా అదే 1.00. కాబట్టి హైవే మీద ఇంజిన్ తాపీగా తిరుగుతుందన్న ఆశ నెరవేరదు. అసలు లాభం పై గేర్లలోనే. ఇద్దరు ఎక్కి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే టాప్ గేరు లాగక ఒకటి తగ్గించారనుకోండి. పాత బాక్సులో ఇంజిన్ వేగం 36 శాతం ఎగబాకుతుంది, కొత్తదానిలో 21 శాతమే. ఆ తేడా నిజంగా హాయి. న్యూట్రల్ పెడల్ మాత్రం పోతుంది.

హైవే కోసమే అయితే బాక్సు జోలికే వెళ్లక్కర్లేదు. ముందు స్ప్రాకెట్ 16 పళ్ల నుంచి 17కు మార్చండి. అదే వేగంలో ఇంజిన్ తిరుగుడు 6 శాతం తగ్గుతుంది. ఎత్తుల మీద లాగుడు కూడా అంతే తగ్గుతుందని గుర్తుంచుకోండి.

ఇక గేరు పడకపోవడం. మొదట క్లచ్ చూడాలి. లివర్ పూర్తిగా నొక్కినా ప్లేట్లు విడిపోకపోతే ఏ గేరైనా గరగరలాడుతుంది. తర్వాత పెడల్ సర్దుబాటు. గేర్లు ఒకవైపు చక్కగా పడుతూ, రెండోవైపు పడకుండా జారుతుంటే గేరు మార్చే ప్లేటు నట్లు వదులు చేసి కొంచెం జరిపితే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ కుదరకపోతేనే బాక్సు విప్పాలి. లోపల గేర్లు ఒకదాన్నొకటి పట్టుకునే డాగ్స్ అంచులు గుండ్రంగా అరిగాయా, వాటిని జరిపే ఫోర్కు అరిగిందా అని చూస్తారు. అరిగినవి మార్చాల్సిందే, వాటిని సాన పెట్టించి నెట్టుకురావద్దు. ఆయిల్ కారుతోందని ముద్ద గ్రీజు కూరించడం మరీ చెడ్డ అలవాటు, అది బుష్‌ల దాకా చేరదు.

లెక్కలన్నీ చూశాక కూడా ఐదు గేర్లే కావాలంటే వేయించుకోండి. తీసిన పాత బాక్సును మాత్రం తుక్కుకు వేయకండి, బండితోపాటే దాచండి.