చికిత్స సాగుతుండగానే చాంపియన్: 44వ పోటీలో తొలిసారి మహిళా కోచ్‌కు విజయం

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లూయిస్‌విల్ నగరంలో 2024 డిసెంబర్ 22న జరిగిన జాతీయ కళాశాలల మహిళా వాలీబాల్ ఫైనల్‌లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు, స్థానిక లూయిస్‌విల్ విశ్వవిద్యాలయం జట్టును 25-23, 32-34, 25-20, 25-17 స్కోరుతో ఓడించి విజేతగా నిలిచింది. పెన్ స్టేట్‌కు ఇది ఎనిమిదవ టైటిల్. ఏడుసార్లు గెలిచిన జట్టు మరోసారి గెలవడంలో వింత ఏమీ లేదు. అయితే 1981లో ఎన్.సి.ఎ.ఎ. ఆధ్వర్యంలో ఈ పోటీలు ప్రారంభమైన నాటి నుంచి అంతవరకు జరిగిన 43 పోటీలలోనూ విజేత జట్లకు శిక్షణ ఇచ్చినవారు పురుషులే. ఆడేవారు మహిళలు, గెలిచేవారు మహిళలు, కోచ్ మాత్రం పురుషుడు. 44వ పోటీలో తొలిసారిగా ఆ జాబితాలో ఒక మహిళ పేరు చేరింది. ఆమె కేటీ షూమాకర్ కాలీ. విజేతగా నిలిచిన ఆ సమయంలో ఆమె రొమ్ము కేన్సర్‌కు చికిత్స పొందుతున్నారు.

మన పల్లెల్లో రెండు గుంజలు పాతి, వల కట్టి, సాయంత్రం పూట యువకులు ఆడుకునే ఆటగానే వాలీబాల్ మనకు ఎక్కువగా పరిచయం. పుట్టినిల్లయిన అమెరికాలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడి కళాశాలల్లో ఇది ప్రధానంగా మహిళల ఆట. అగ్రశ్రేణి విభాగంలో మూడు వందలకు పైగా విశ్వవిద్యాలయాలు మహిళా జట్లను నడుపుతుండగా, పురుషుల జట్ల సంఖ్య అందులో చిన్న భాగం మాత్రమే. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ స్టేడియంలో నిర్వహించిన మహిళా వాలీబాల్ మ్యాచ్‌ను 92,003 మంది తిలకించారంటే అక్కడ ఈ ఆటకు గల ఆదరణను ఊహించుకోవచ్చు.

ఇంతటి ఆదరణ గల మహిళల ఆటలో శిక్షకుల పీఠం పురుషుల చేతిలో ఉండిపోవడానికి కారణం వెతికితే, విచిత్రంగా, మహిళలకు మేలు చేసిన ఒక చట్టం దగ్గరికే వెళ్లవలసి వస్తుంది. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్ష ఉండరాదంటూ అమెరికా కాంగ్రెస్ 1972లో 'టైటిల్ నైన్' చట్టాన్ని ఆమోదించింది. దాని ఫలితంగా బాలికల క్రీడలకు నిధులు, మైదానాలు, ఉపకార వేతనాలు సమకూరాయి. క్రీడాకారిణుల సంఖ్య అనేక రెట్లు పెరిగింది. చట్టం రాకముందు కళాశాలల మహిళా జట్లలో 90 శాతానికి పైగా మహిళా కోచ్‌ల చేతిలోనే ఉండేవి. వారిలో చాలామంది వ్యాయామ విద్య బోధించే ఉపాధ్యాయినులు. జట్టును తీర్చిదిద్దడం వారికి అదనపు బాధ్యత, అదీ నామమాత్రపు ప్రతిఫలానికి. చట్టం తరువాత ఆ పనికి పూర్తికాలపు ఉద్యోగ హోదా, చెప్పుకోదగ్గ జీతం వచ్చాయి. జీతం రాగానే పురుష దరఖాస్తుదారులూ వచ్చారు. మహిళల, పురుషుల క్రీడా విభాగాలు ఒకే గొడుగు కిందకు చేరినప్పుడు నియామకాలు చేసే అధికారులు కూడా ఎక్కువగా పురుషులే అయ్యారు. 2014 నాటికి మహిళా జట్లకు మహిళలే కోచ్‌లుగా ఉన్న సందర్భాలు 43 శాతానికి పడిపోయాయి. ఆడేందుకు అవకాశం ఇచ్చిన చట్టమే ఆడించే అవకాశాన్ని కుదించినట్లయింది.

మహిళా కోచ్‌లకు సామర్థ్యం లేకపోవడం ఇందుకు కారణమని ఎవరూ అనలేరు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి 1991 నుంచి మూడు దశాబ్దాలకు పైగా కోచ్‌గా పనిచేసిన మేరీ వైజ్ తన జట్టును 2003లో, మళ్లీ 2017లో ఫైనల్ వరకు తీసుకువెళ్లారు. రెండుసార్లూ ఓటమే ఎదురైంది. 2022లో లూయిస్‌విల్‌ను ఫైనల్‌కు చేర్చిన డానీ బుస్‌బూమ్ కెల్లీకి టెక్సాస్ చేతిలో పరాజయం తప్పలేదు. 2024 ఫైనల్‌లో కేటీకి ప్రత్యర్థిగా నిలిచింది కూడా ఈ డానీయే. కనుక తొలి సర్వ్ పడకముందే చరిత్ర మారడం ఖాయమైపోయింది. ఇద్దరిలో ఎవరి పేరుతో అన్నదే తేలవలసి ఉండింది.

కేటీ స్వస్థలం షికాగో. పెన్ స్టేట్‌లో చదువుతూ వాలీబాల్ ఆడిన ఆమె, 1999లో హోనలూలూలో స్టాన్‌ఫోర్డ్‌ను ఓడించి ఆ విశ్వవిద్యాలయానికి తొలి టైటిల్ తెచ్చిన జట్టులో సభ్యురాలు. ఆ జట్టు కోచ్ రస్ రోజ్. అమెరికా కళాశాల వాలీబాల్ గురించి మాట్లాడేవారెవరూ ఈయన పేరును దాటిపోలేరు. 1979లో పెన్ స్టేట్ బాధ్యతలు చేపట్టి 43 సీజన్ల పాటు అదే పదవిలో కొనసాగిన రోజ్, 1,330 మ్యాచ్‌లు గెలిచి 229 మాత్రమే ఓడారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. స్థాయి పరిశోధనకు ఆయన ఎంచుకున్న అంశం వాలీబాల్ గణాంకాలు. కంప్యూటర్లు వచ్చాక కూడా బెంచీపై కూర్చుని నోటు పుస్తకంలో ప్రతి బంతినీ లెక్క రాసుకోవడం ఆయనకు అలవాటు. అరుపులు, గెంతులు ఆయన దగ్గర కనిపించేవి కావు.

2007 నుంచి 2010 వరకు వరుసగా నాలుగేళ్లు రోజ్ జట్టే విజేత. ఆ మధ్యకాలంలో పెన్ స్టేట్ వరుసగా 109 మ్యాచ్‌లు గెలిచింది. 2010 సెప్టెంబర్‌లో స్టాన్‌ఫోర్డ్ ఆ పరంపరకు తెరదించింది. 2008లోనైతే ఒక దశలో వరుసగా 111 సెట్లు గెలిచారు. చివరకు ఆ ఏడాది సెమీఫైనల్‌లో నెబ్రాస్కా వారినుంచి ఒక సెట్ లాక్కోగలిగింది. రెండవది కూడా లాక్కుంది. అయినా అయిదవ సెట్, దానితో మ్యాచ్, పెన్ స్టేట్‌దే అయింది. 2013, 2014 టైటిళ్లతో కలిపి రోజ్ ఖాతాలో ఏడు చేరాయి. ఆ తరువాత పదేళ్లపాటు టైటిల్ రాలేదు. 2021 సీజన్ ముగియగానే ఆయన పదవీ విరమణ చేశారు.

ఇటువంటి వ్యక్తి ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోవడం ఎవరికైనా ఇబ్బందే. గెలిస్తే పాత పునాది గొప్పదంటారు, ఓడితే కొత్త మనిషికి చేతకాలేదంటారు. 2022 జనవరిలో ఆ కుర్చీని స్వీకరించిన కేటీ అప్పటికి అనుభవం లేని మనిషి కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు షికాగో ప్రాంగణంలో 2009 నుంచి 2016 వరకు ప్రధాన కోచ్‌గా పనిచేశారు. అనంతరం ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో (పేరు దగ్గరగా ఉన్నా ఇది పెన్ స్టేట్ కాదు) ఒక సీజన్, ఆపై రోజ్ వద్దనే సహాయ కోచ్‌గా నాలుగేళ్లు గడిపారు. ప్రధాన కోచ్‌గా తొలి రెండు సీజన్లలో ఆమె జట్టు జాతీయ సెమీఫైనల్ దశకు చేరలేదు.

మూడవ సీజన్ మొదలైన కొద్దికాలానికే, 2024 సెప్టెంబర్‌లో ఆమెకు కేన్సర్ ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. వ్యాధి రెండవ దశలో ఉంది. అక్టోబర్‌లో ఆమె తానుగా ఈ విషయాన్ని బహిరంగంగా వెల్లడించారు. కీమోథెరపీ సాగింది, జట్టు శిక్షణా సాగింది. ముగ్గురు పిల్లల తల్లి అయిన ఆమె, చికిత్స కారణంగా ఒక్క మ్యాచ్‌కు గానీ ఒక్క రోజు శిక్షణకు గానీ దూరం కాలేదు. ఆ సీజన్‌లో జట్టు 35 మ్యాచ్‌లు గెలిచి రెండే ఓడింది.

అసలు పరీక్ష ఫైనల్‌లో కాదు, అంతకు మూడు రోజుల ముందు సెమీఫైనల్‌లో ఎదురైంది. ప్రత్యర్థి మళ్లీ నెబ్రాస్కా. తొలి రెండు సెట్లూ నెబ్రాస్కావే. మూడవది పెన్ స్టేట్ గెలుచుకున్నా, నాలుగవ సెట్‌లో 16-22తో వెనుకబడింది. మరో మూడు పాయింట్లు పోతే ఇంటిదారి పట్టవలసిందే. ఒక్కొక్క పాయింటే కూడగట్టుకుంటూ, మ్యాచ్ పాయింట్లను సైతం కాచుకుని, 28-26తో ఆ సెట్‌ను దక్కించుకున్నారు. 15 పాయింట్ల చివరి సెట్ 15-13తో ముగిసింది. 2008లో ఇదే ప్రత్యర్థి రెండు సెట్లు వెనుకబడి పుంజుకున్నా చివరకు ఓడగా, ఈసారి వెనుకబడి పుంజుకున్నదీ గెలిచినదీ పెన్ స్టేటే.

ఫైనల్‌లో లూయిస్‌విల్‌కు సొంత ప్రేక్షకుల అండ ఉన్నప్పటికీ, ముఖ్య క్రీడాకారిణి అన్నా డిబీర్ సెమీఫైనల్‌లో చీలమండ గాయం పాలై ఆడలేకపోవడం దెబ్బ తీసింది. ఆమె ఆడి ఉంటే ఫలితం ఎలా ఉండేదోనన్న ప్రశ్న ఆ నగరంలో చాలాకాలం వినిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. అయినప్పటికీ రెండవ సెట్ 34-32 వరకు లాగి గెలిచిన జట్టు అది. పెన్ స్టేట్ తరఫున జెస్ మ్రూజిక్ ఒక్కతే 29 స్మాష్‌లను పాయింట్లుగా మలిచింది.

2025 జూలైలో అమెరికా క్రీడా రంగపు ఎస్పీ పురస్కారాల సభలో కేటీకి జిమ్మీ వి పట్టుదల పురస్కారాన్ని అందజేశారు. కేన్సర్‌తో మరణించిన బాస్కెట్‌బాల్ కోచ్ జిమ్ వాల్వానో పేరిట ఇచ్చే పురస్కారమిది. ఓడిన డానీ బుస్‌బూమ్ కెల్లీని 2025 జనవరిలో నెబ్రాస్కా తన ప్రధాన కోచ్‌గా నియమించుకుంది. నాలుగు టైటిళ్లు గెలిచి విరమించిన జాన్ కుక్ స్థానమది. మ్రూజిక్ వంటి సీనియర్లు చదువు ముగించి వెళ్లిపోయాక, పెన్ స్టేట్ 2025 సీజన్‌లో మునుపటి స్థాయిని అందుకోలేకపోయింది. ఆ ఏడాది డిసెంబర్‌లో కాన్సాస్ సిటీలో జరిగిన ఫైనల్‌లో టెక్సాస్ ఎ అండ్ ఎం జట్టు కెంటకీని ఓడించి తన తొలి టైటిల్ సాధించింది. ఆ రెండు జట్ల కోచ్‌లూ పురుషులే.