పోటీలు ముగిసిన పిదప మిగులునది ఏమి?

ఒక పట్టణమున పెద్ద ఆటల పోటీ జరుగనున్నదని తెలిసినంతనే అచ్చట పండుగ సందడి నెలకొనును. రోడ్లు బాగుపడును. దీపములు వెలుగును. పత్రికలలో ఊరి పేరు మారుమ్రోగును. పోటీ ముగిసిన మరునాడు పందిళ్లు విప్పుదురు, వచ్చినవారు వెడలిపోవుదురు. ఇక ఆ ఊరికి శాశ్వతముగా దక్కినదేమి? ఈ ప్రశ్న పట్టణములకే గాక, సంక్రాంతికి కబడ్డీ పోటీలు నడపు ప్రతి గ్రామమునకును వర్తించును. కావున విజయవాడ అనుభవమును పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

విజయవాడ మైదానము

నగరమున బందరు రోడ్డు ప్రాంతమున, లబ్బీపేటలో ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియము కలదు. 1997 డిసెంబరులో మహిళల ప్రపంచ కప్పు క్రికెట్టు పోటీలలో భాగముగా ఇంగ్లండు, పాకిస్తాను జట్లు ఇచ్చట ఆడినవి. ఆనాడు ఇంగ్లండు జట్టు 2 వికెట్లు మాత్రమే కోల్పోయి 376 పరుగులు చేసినది. ఐదేండ్ల పిదప, 2002 నవంబరు 24న, భారత, వెస్టిండీసు పురుషుల జట్లు ఇదే మైదానమున తలపడినవి. ఏడు పోటీల వరుసలో అది చివరిది. అప్పటికి ఇరుజట్లును మూడేసి పోటీలు గెలిచియున్నందున దేశమంతయు ఆనాడు విజయవాడ వైపు చూచినది. వెస్టిండీసు జట్టు 135 పరుగుల తేడాతో గెలిచినది.

ఆ పిమ్మట పురుషుల అంతర్జాతీయ పోటీ ఈ మైదానమునకు తిరిగి రాలేదు. 2005 ఏప్రిల్‌లో విశాఖపట్నము శివారున క్రొత్త స్టేడియములో భారత, పాకిస్తాను జట్ల పోటీ జరిగినది మొదలు, పెద్ద పోటీలు అటు తరలినవి. పోటీలు తెచ్చిన కీర్తికి ఒక ఊరే స్థిరనివాసము కాదు.

అయినను మైదానము వ్యర్థము కాలేదు. 2019 మే 30న రాష్ట్ర ముఖ్యమంత్రి పదవీ ప్రమాణస్వీకారము అచ్చటనే జరిగినది. ఆ ఏటినుండి రాష్ట్ర స్వాతంత్ర్య దినోత్సవమునకు పలుమార్లు అదియే వేదిక అయినది. ఇండ్లతో కిక్కిరిసిన నగరమధ్యమున ఇంతటి ఖాళీ స్థలము ప్రజల పరముగా నిలిచియుండుట చిన్న లాభము కాదు. దీనికి మరొక ప్రక్క కూడ కలదు. సభలకై గుంజలు పాతిన ప్రతిసారియు, బరువు బండ్లు నడచిన ప్రతిసారియు ఆటనేల దెబ్బతినును. సభ ముగిసిన పిదప నేలను సరిచేయు బాధ్యత ఎవరిదో ముందుగానే నిర్ణయింపనిచో, మైదానము మిగులును గాని ఆట మిగులదు.

గ్రామమునకు వచ్చిన పోటీలు

పెద్ద పోటీ పట్టణముననే జరుగవలెనను నియమము లేదు. విజయవాడ నుండి హైదరాబాదు పోవు రహదారిపై, ఇబ్రహీంపట్నము మండలమున మూలపాడు గ్రామము కలదు. 2016 నవంబరులో భారత, వెస్టిండీసు మహిళా జట్లు అచ్చటి క్రికెట్టు మైదానమున ఆరు అంతర్జాతీయ పోటీలు ఆడినవి. మొదటి మూడు ఏకదిన పోటీలు భారత జట్టును, తరువాతి మూడు ఇరువది ఓవర్ల పోటీలు వెస్టిండీసు జట్టును గెలిచినవి. ప్రపంచస్థాయి క్రీడాకారిణులు ఒక పల్లె మైదానమున ఆడగా చూచిన బాలికలకు ఆటపై ఆసక్తి కలుగుట సహజము. అట్టి బాలికకు తన ఊరిలో ఆడుకొనుటకు చోటున్నదా అనునదే అసలు ప్రశ్న.

ఇతరుల అనుభవము

2002 డిసెంబరులో హైదరాబాదున జాతీయ క్రీడలు జరిగినవి. ఆ సందర్భమున గచ్చిబౌలిలో రూపొందిన క్రీడాప్రాంగణముననే 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు నడచినవి. 2020లో కోవిడు వ్యాధి ప్రబలినపుడు ఆ ప్రాంగణమునందలి ఎత్తైన భవనమును ఆసుపత్రిగా మార్చిరి.

విదేశములలో రెండు విధములైన ఉదాహరణములు కలవు. కెనడా దేశమున మాంట్రియల్ నగరము 1976లో ఒలింపిక్ క్రీడలు జరిపి, స్టేడియము నిర్మాణమునకై చేసిన అప్పును 2006 వరకు, అనగా ముప్పది యేండ్లు, తీర్చుచు వచ్చినది. స్పెయిన్ దేశమున బార్సిలోనా నగరము 1992 క్రీడల సందర్భమున పాత కర్మాగారములతో మూసుకొనిపోయిన సముద్రతీరమును ప్రజలకు తెరచినది. క్రీడాకారులకై కట్టిన ఇండ్లు పిదప పౌరుల నివాసములైనవి. మొదటి నగరము పోటీ దినములను దృష్టిలో నుంచుకొని కట్టినది. రెండవది తనకు ఎట్లును కావలసిన పనులను పోటీ పేరున పూర్తిచేసికొన్నది.

మన ఊరిలో చేయదగినది

2023 డిసెంబరు 26 నుండి 2024 ఫిబ్రవరి వరకు జరిగిన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలు గ్రామ, వార్డు సచివాలయముల స్థాయిలోనే ప్రారంభమైనవి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, క్రికెట్టు అందులో ఉండెను. అట్టి పోటీ యేదైనను మన ఊరికి వచ్చినపుడు, ఒప్పుకొనుటకు ముందే పంచాయతీ నాలుగు విషయములు తేల్చుకొనుట మంచిది.

మొదటిది స్థలము. అది పంచాయతీదా, పాఠశాలదా, ప్రభుత్వ పోరంబోకా, లేక ఒక రైతు దయతో ఇచ్చిన చేనా? ఇతరుల భూమిలో ఖర్చుపెట్టి చదును చేసినచో, పోటీ కాగానే ఆ ఖర్చు ఊరికి దక్కకుండ పోవును. ఎక్కువ భూమి అవసరము లేదు. వాలీబాల్ గీతల మధ్య కొలత 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టును మూడేసి మీటర్లు విడిచినను తొమ్మిది సెంట్లు చాలును. పురుషుల కబడ్డీకి 13 మీటర్లు, 10 మీటర్లు. చుట్టును ఖాళీ కలుపుకొని ఏడు సెంట్లు. రెండును పదునారు సెంట్లలో ఇముడును.

రెండవది నేల. డెల్టాలోని నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును. ఆటస్థలమును చుట్టుప్రక్కల నేలకంటె మెరక చేసి, పైన ఎర్రమట్టి పరచి, నడుమ నుండి అంచులకు నూరడుగులకు ఒక అడుగు చొప్పున వాలు నిచ్చి, అంచున మురుగుకాలువ తీయవలెను. పందిరికిని, దీపములకును పెట్టు సొమ్ము పోటీతో సరి. ఈ పనికి పెట్టినది ఏండ్ల తరబడి ఉపయోగపడును.

మూడవది పోషణ. పోటీకి వచ్చిన చందాలలో కొంత భాగమును నేల బాగుసేతకని వేరుగా ఉంచి, ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపింపవలెను. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో సామాజిక ఆస్తుల నిర్వహణను కూడ చేర్చినది.

నాలుగవది ఉపయోగము. పోటీ మరునాటినుండి ఎవరు ఏ వేళ ఆడుదురు? బాలికలకు వేళ యేది? దీనిని వ్రాసి పాఠశాల గోడపై అంటించినచో తగవులుండవు. వేళ నిర్ణయింపనిచోట పెద్ద కుర్రవాండ్రు స్థలమంతయు ఆక్రమింతురు. చిన్నవారును, బాలికలును గట్టుపై నిలిచి చూతురు.

ఈ నాలుగింటికి సరియైన సమాధానము దొరకనిచో, త్రాగునీటికిని, మురుగుకాలువలకును ఉద్దేశించిన సొమ్మును పోటీకి మళ్లించుటకంటె, ఈ యేటికి వలదనుటయే మేలు. సమాధానము దొరికినచో సంకోచింప నక్కరలేదు. రాబోవు గ్రామసభ కార్యక్రమమున ఈ విషయమును చేర్చి, ఊరిలో ఆటకు తగిన స్థలము ఎచ్చట నున్నదో, ఎన్ని సెంట్లున్నదో ముందుగా కొలిపించి ఉంచవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.